అడ్డచారలు: కారు కెమెరా బొమ్మలో కనిపించే విద్యుత్ సరఫరా

ఆ చారలను మేము మొదటిసారి చూసింది ఒక డిసెంబరు తెల్లవారుజామున. పరీక్షల కోసం తెచ్చిన కారును రాత్రంతా ఆరుబయట ఉంచి, వెలుగు రాకముందే వెనక కెమెరాను ఆన్ చేస్తే, తెరమీద చీకటిగా కనిపిస్తున్న గోడ మీదుగా మూడు లేత అడ్డచారలు పైనుంచి కిందికి మెల్లగా జారుతున్నాయి. పది నిమిషాల తరువాత, కెమెరా కాస్త వెచ్చబడగానే, అవి మాయమయ్యాయి. అదే కెమెరాను ప్రయోగశాలకు తెచ్చి బల్లమీద పెట్టి గంటల తరబడి చూసినా ఒక్క చార కూడా రాలేదు.

మూడు వారాలపాటు మేమంతా సెన్సర్‌నే అనుమానించాం. రిజిస్టర్లు మార్చాం, ఎక్స్‌పోజర్ మార్చాం, బొమ్మను శుద్ధి చేసే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క దశనూ ఆపి చూశాం. చివరికి మా బృందంలో చేరి ఏడాదైనా నిండని ఒక అమ్మాయి, "సార్, సెన్సర్ అనలాగ్ భాగానికి మన సరఫరా తీసేసి, మూడు పెన్సిల్ సెల్స్‌తో ఇచ్చి చూద్దామా?" అని అడిగింది. శీతల పేటికలో కెమెరాను చల్లబరిచి, చారలు రప్పించి, బోర్డు మీద ఉన్న ఒక ఫెరైట్ బీడ్‌ను (సరఫరాలోని వేగమైన అలజడిని అడ్డుకునే చిన్న భాగం) ఊడదీసి, ఆ చోట సెల్స్ తీగలు అతికించాం. చారలు పోయాయి. తిరిగి మా సరఫరా కలిపాం. చారలు వచ్చాయి. ఆ సరఫరాను డిజైన్ చేసింది నేనే.

ఆ రోజు నుంచి నా అభిప్రాయం ఒకటి గట్టిపడింది. కారు కెమెరాలో విద్యుత్ సరఫరా అనేది బొమ్మ తీసే యంత్రాంగంలో ఒక భాగం, కటకం ఎంతో అదీ అంతే. కటకం, సెన్సర్, బొమ్మ సమాచారాన్ని కేబుల్ మీదికి పంపే సీరియలైజర్ ఎక్కడెక్కడ ఉండాలో తేల్చుకున్న తరువాత మిగిలిన మూలలో సరఫరాను ఇరికించి, సామర్థ్యం ఎన్ని శాతమో చూసి సంతృప్తి పడే పద్ధతి తప్పు. పొడవు, వెడల్పు రెండున్నర సెంటీమీటర్లకు మించని పెట్టెలో ఈ తప్పు ఖరీదు మరీ ఎక్కువ.

ఎందుకో చెప్పాలంటే సెన్సర్ పనిచేసే తీరు కొంచెం చెప్పాలి. నేటి సెన్సర్లు బొమ్మను వరుస వెంట వరుసగా చదువుతాయి. ఒక వరుసలోని పిక్సెళ్లన్నిటి వోల్టేజీనీ, ఒక్కొక్క నిలువు వరుసకూ ఒక్కొక్కటిగా అమర్చిన కన్వర్టర్లు, ఒకే క్షణంలో అంకెలుగా మారుస్తాయి. ఆ క్షణంలో అనలాగ్ సరఫరా ఏ కొంచెం ఊగినా ఆ ఊపు ఒక పిక్సెల్‌తో ఆగదు, వరుస మొత్తం ఒక్కసారిగా కాస్త వెలుగుకో కాస్త చీకటికో జరుగుతుంది. పిక్సెళ్లలో చెదురుమదురుగా ఉండే రొదను (నాయిస్) మన కన్ను క్షమిస్తుంది, దాన్ని ఇసుక చల్లినట్టుగా చూసి వదిలేస్తుంది. వరుసంతా కలిసి కదిలితే మాత్రం క్షమించదు. అందుకే వరుసల రొద పిక్సెల్ రొదలో పదో వంతుకు మించకూడదని ఈ పనిలో ఉన్నవాళ్లు ఒక లెక్క పెట్టుకుంటారు.

అంకెల్లో చూద్దాం. పూర్తి సంకేతం ఒక వోల్టు అనుకుంటే, 12 బిట్ల కన్వర్టర్‌లో ఒక్క మెట్టు విలువ 244 మైక్రోవోల్టులు. చీకట్లో సెన్సర్ సంకేతాన్ని ఎనిమిది రెట్లు పెంచుతుందనుకుంటే, పెంచకముందు జొరబడిన 30 మైక్రోవోల్టుల అలజడి కూడా ఒక మెట్టు అవుతుంది. సెన్సర్ తనవంతుగా కొంత కాచుకుంటుంది. ఒక్కొక్క పిక్సెల్‌నూ రెండుసార్లు, కొన్ని మైక్రోసెకన్ల తేడాతో చదివి, రెండింటి వ్యత్యాసం తీసుకుంటుంది, కాబట్టి మెల్లగా కదిలే వోల్టేజీ మార్పులు ఆ తీసివేతలో కొట్టుకుపోతాయి. ఆ రెండు చదువుల మధ్య మారిపోయేంత వేగం ఉన్న అలజడి మాత్రం మిగిలిపోతుంది. స్విచ్‌ను వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజీని తగ్గించే బక్ కన్వర్టర్లు పుట్టించే రిపుల్, అంటే వోల్టేజీ మీది చిన్న అలలు, సరిగ్గా ఆ జాతిది.

మా చారల కథ ఇక్కడే తేలింది. కెమెరాకు వచ్చే వోల్టేజీని 3.3 వోల్టులకు తగ్గించే బక్ కన్వర్టర్, మామూలుగా 2.2 మెగాహెర్ట్జ్‌తో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. లోడు, అంటే దాని నుంచి లాగే కరెంటు, తగ్గితే మాత్రం కరెంటు పొదుపు కోసం కొన్ని పల్సులను వదిలేస్తూ, కొన్ని పదుల కిలోహెర్ట్జ్‌కు దిగిపోతుంది. చలిలో సెన్సర్ డిజిటల్ భాగపు లీకేజీ కరెంటు తగ్గింది, లోడు ఆ గీత దాటి కిందికి పోయింది. ఇక మా సెన్సర్ సెకనుకు 30 ఫ్రేములు, ఖాళీ వరుసలతో కలిపి ఫ్రేముకు 1100 వరుసలు చదువుతుంది, అంటే సెకనుకు 33,000 వరుసలు. కన్వర్టర్ దిగిన చోటు కూడా 33 కిలోహెర్ట్జ్‌కు పక్కనే. రెండింటికీ 100 హెర్ట్జ్ తేడా ఉందంటే ఫ్రేముకు మూడు పైచిలుకు చారలు, ఆ పైచిలుకు వల్లనే ఫ్రేము ఫ్రేముకూ జరిగే చారలు. కెమెరా వెచ్చబడితే లోడు పెరిగి కన్వర్టర్ తిరిగి తన 2.2 మెగాహెర్ట్జ్‌కు ఎక్కేది. ప్రయోగశాలలో చలి లేదు, కాబట్టి చారలూ లేవు.

పల్సులు వదిలే ఆ పద్ధతిని నేను కావాలనే ఉంచాను. తక్కువ లోడులో సామర్థ్యం బాగుంటుందని డేటాషీట్ మొదటి పేజీలో గ్రాఫు చూపిస్తోంది. సమీక్షలో కూడా అందరూ ఆ గ్రాఫునే మెచ్చుకున్నారు. బ్యాటరీ మీద రోజుల తరబడి నడవాల్సిన పరికరానికి ఆ పద్ధతి ప్రాణం. ఇంజను నడుస్తుండగా పనిచేసే కెమెరాకు దానితో వచ్చే లాభం దాదాపు ఏమీ లేదు. నిర్ణీత ఫ్రీక్వెన్సీ వదలకుండా నడిచే పద్ధతికి ఆ చిప్పును కట్టేయడానికి ఒక పిన్నును మార్చి కలిపితే సరిపోయింది. కానీ అప్పటికి కటకాన్ని సెన్సర్‌కు ఎదురుగా మైక్రాన్ల లెక్కలో సరిచూసి, జిగురుతో శాశ్వతంగా అతికించిన మాడ్యూళ్లు తయారై ఉన్నాయి. అలా అతికించాక వాటిని విప్పడం కుదరదు. ఒక పిన్ను తప్పుకు ఆ మాడ్యూళ్లన్నీ పరీక్షలకు పనికిరాకుండా పోయాయి.

సామర్థ్యం గురించి వాదించేవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు, వాళ్ల మాట సబబుగానే మొదలవుతుంది. చిన్న పెట్టెలో పుట్టిన వేడి బయటికి పోయే దారి తక్కువ. వేడెక్కిన సెన్సర్‌లో, వెలుతురు లేకపోయినా పిక్సెళ్లలో పోగయ్యే చీకటి కరెంటు, ప్రతి ఆరేడు డిగ్రీలకూ దాదాపు రెట్టింపు అవుతుంది. వేడికి కటకాన్ని పట్టుకున్న గొట్టం వ్యాకోచించి ఫోకస్ కూడా జరుగుతుంది. మే నెలలో రామగుండంలో ఎండలో నిలిపిన కారు వెనక తలుపు రేకు ఎంత కాలుతుందో ముట్టుకున్నవాళ్లకు తెలుసు, అక్కడ ఉండే కెమెరాకు చుట్టూ 85 డిగ్రీల వరకూ తట్టుకోవాలని షరతు పెట్టడం ఊరికే కాదు. కాబట్టి, వేడిగా వృథా అయ్యే ప్రతి మిల్లీవాటూ శత్రువే, అనలాగ్ సరఫరాకు ముందు ఉన్న ఎల్‌డీఓను (స్విచింగ్ లేకుండా, మిగులు వోల్టేజీని వేడిగా మార్చి దించే రెగ్యులేటర్) తీసేసి అక్కడ కూడా బక్ కన్వర్టర్ పెట్టండి అనేది వాళ్ల వాదన.

ఈ వాదనను లెక్కలోకి దించితే దాని బరువు తెలుస్తుంది. 3.3 వోల్టులను 2.8 వోల్టులకు దించుతూ 100 మిల్లీఆంపియర్లు ఇచ్చే ఎల్‌డీఓ 50 మిల్లీవాట్లను వేడిగా మారుస్తుంది. పెట్టెలో ఒక వాటు ఖర్చయితే లోపల 20 డిగ్రీలు పెరుగుతుందని అనుకుందాం. ఎల్‌డీఓ తీసేస్తే దక్కేది ఒక్క డిగ్రీ. చీకటి కరెంటులో అది పది శాతం. ఎల్‌డీఓ చోట పెట్టిన బక్ కన్వర్టర్ తానూ కొంత వృథా చేస్తుంది కాబట్టి నిజానికి ఆ ఒక్క డిగ్రీ కూడా పూర్తిగా దక్కదు. ఆ కాస్త కోసం సెన్సర్‌లోకెల్లా సుకుమారమైన కాలికి (పిన్నుకు) రిపుల్‌ను సూటిగా తెచ్చి తగిలించాలా? అదే ఎల్‌డీఓను ఉంచి, విద్యుత్ చిప్పుల వెనక వేడిని పెట్టె లోహానికి అందించే మెత్తని ప్యాడ్ ఒకటి సరిగ్గా అమర్చితే, వాటుకు 20 డిగ్రీలు 17కు దిగినా చాలు, ఒకటిన్నర వాటు కెమెరాలో నాలుగున్నర డిగ్రీలు మిగులుతాయి. ఆ ప్యాడ్‌కు చోటు దొరకాలంటే సరఫరా చిప్పులు, కెమెరాలోని రెండు బోర్డుల్లో వెనకదాని మీద, పెట్టె గోడవైపు ఉండాలని మొదటి గీతలోనే రాసుకోవాలి. మిగిలిన మూలలో ఇరికించిన సరఫరాకు ఆ భాగ్యం ఉండదు.

అయితే ఎల్‌డీఓ పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉండటం కూడా పొరపాటే. డేటాషీట్ మొదటి పేజీలో 70 డెసిబెల్స్ అని గర్వంగా రాసుకునే వడపోత సామర్థ్యం సాధారణంగా ఒక కిలోహెర్ట్జ్ దగ్గరిది. మనకు కావలసింది రెండు మెగాహెర్ట్జ్ దగ్గర. అక్కడ చాలా ఎల్‌డీఓలు 30, 40 డెసిబెల్స్‌కు దిగిపోతాయి, అంటే లోపలికి వచ్చిన 10 మిల్లీవోల్టుల రిపుల్‌లో 100 నుంచి 300 మైక్రోవోల్టులు అవతలికి దాటుతుంది. ఆ ఫ్రీక్వెన్సీలో పని చేయవలసింది ఎల్‌డీఓకు ముందు పెట్టే ఫెరైట్ బీడ్, కెపాసిటర్‌ల జోడీ. బీడ్ గుండా డీసీ కరెంటు పారేకొద్దీ దాని ఇంపెడెన్స్ (అలజడిని అడ్డుకునే శక్తి) తగ్గిపోతుంది, కాబట్టి సున్నా కరెంటు దగ్గర గీసిన గ్రాఫును నమ్మకూడదు. పైగా ఆ జోడీ తన సొంత ఫ్రీక్వెన్సీ ఒకదాని దగ్గర రిపుల్‌ను తగ్గించకపోగా పెంచుతుంది, అక్కడ చిన్న రెసిస్టర్‌తో దాని ఊపును అణచాలి.

ఫ్రీక్వెన్సీ 2.2 మెగాహెర్ట్జ్ ఎందుకు అనే ప్రశ్న కొత్తగా చేరినవాళ్లు తప్పక అడుగుతారు. కారులో రేడియో ఉంటుంది. మీడియం వేవ్ సుమారు 530 నుంచి 1700 కిలోహెర్ట్జ్ వరకు ఉంటుంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ అని విని పెరిగినవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. 420 కిలోహెర్ట్జ్‌తో నడిచే కన్వర్టర్ రెండో హార్మోనిక్, అంటే దాని రెండు రెట్ల ఫ్రీక్వెన్సీ, 840 దగ్గర పడి, ఆ కేంద్రం మీదే ఈల వేస్తుంది. మొత్తం పట్టీకి పైన నడిస్తే మూల ఫ్రీక్వెన్సీ గానీ హార్మోనిక్స్ గానీ అందులో పడవు, ఇండక్టర్ కూడా చిన్నదవుతుంది. దీనికీ ఒక మూల్యం ఉంది. 12 వోల్టుల నుంచి నేరుగా 1.2 వోల్టులకు దిగాలంటే ఒక్కొక్క చక్రంలో స్విచ్ పదో వంతు సేపే ఆన్‌లో ఉండాలి. 2.2 మెగాహెర్ట్జ్‌లో చక్రం 455 నానోసెకన్లు, దానిలో పదో వంతు 45 నానోసెకన్లు. అంత తక్కువసేపు ఆన్ అయి నిలకడగా నడవలేని చిప్పులే ఎక్కువ, అవి పల్సులు వదలడం మొదలుపెడతాయి, మళ్లీ చారల కథే. ముందు 3.3కు దిగి, అక్కడి నుంచి 1.8కీ 1.2కీ వేరే కన్వర్టర్లతో దిగడం అందుకే మేలు. మొదటి మెట్టులో స్విచ్‌కు 125 నానోసెకన్లు దొరుకుతాయి.

ఇన్ని మాటలు చెప్పాక కూడా, అసలు నిర్ణయం కెమెరా బయట జరుగుతుంది. చాలా కారు కెమెరాలకు ఒకే ఒక సన్నని కోయాక్స్ కేబుల్ వెళుతుంది. బొమ్మ సమాచారం కెమెరా నుంచి సెకనుకు గిగాబిట్ల వేగంతో ఇటు వస్తుంది, కెమెరాకు ఆదేశాలు అటు వెళతాయి, కరెంటు కూడా ఆ రాగి మీదే వెళుతుంది. ఎఫ్‌పీడీ లింక్, జీఎంఎస్ఎల్ వంటి పద్ధతుల్లో సాధారణంగా ఇదే ఏర్పాటు. ఆ కేబుల్ మీద ఎన్ని వోల్టులు పంపాలో అవతలి బోర్డు చేసేవాళ్లు తేలుస్తారు. తమ దగ్గర ఎలాగూ 5 వోల్టులు ఉన్నాయి కదా, అవే పంపేస్తాం అంటారు. ఇక్కడ నేను గట్టిగా అడ్డం తిరుగుతాను.

కేబుల్, కనెక్టర్లు, రెండు చివరల ఉన్న వడపోత ఇండక్టర్లు కలిసి మూడు ఓములు అనుకుందాం. కెమెరాకు ఒకటిన్నర వాటు కావాలి. కన్వర్టర్ ఎప్పుడూ అంతే శక్తిని లాగుతుంది, వోల్టేజీ తగ్గితే కరెంటు పెంచుకుంటుంది. 5 వోల్టులు పంపితే కెమెరా దగ్గరికి చేరేది 3.8 వోల్టులు, పారే కరెంటు 390 మిల్లీఆంపియర్లు, దారిలో కాలిపోయేది 460 మిల్లీవాట్లు. 9 వోల్టులు పంపితే కరెంటు 177 మిల్లీఆంపియర్లు, దారి నష్టం 94 మిల్లీవాట్లు. 12 వోల్టులయితే 129 మిల్లీఆంపియర్లు, 50 మిల్లీవాట్లు. ఎల్‌డీఓ దగ్గర 50 మిల్లీవాట్ల కోసం గంటలు వాదించినవాళ్లు ఇక్కడ 400 మిల్లీవాట్లను చూడకుండా వదిలేయడం నేను ఎన్నోసార్లు చూశాను. పైగా 5 వోల్టులతో ఆ మూడు ఓముల గుండా పంపగలిగిన గరిష్ఠ శక్తే రెండు వాట్ల పైచిలుకు. ఆన్ చేసిన మొదటి క్షణంలో కెపాసిటర్లు నిండుతూ ఆ హద్దు దాటితే వోల్టేజీ కూలిపోతుంది, కన్వర్టర్ ఆగిపోతుంది, వోల్టేజీ మళ్లీ లేస్తుంది, కన్వర్టర్ మళ్లీ మొదలవుతుంది. కెమెరా లేవలేక లేవలేక కొట్టుకుంటుంది.

కరెంటు తగ్గితే వచ్చే మరో లాభం చాలామంది లెక్కలోకి రాదు. కేబుల్ మీద సమాచారాన్ని, కరెంటును వేరుచేసే ఇండక్టర్లు, ఆదేశాలు వెళ్లే తక్కువ ఫ్రీక్వెన్సీ నుంచి బొమ్మ వచ్చే గిగాహెర్ట్జ్ వరకు, కిలో ఓము స్థాయి ఇంపెడెన్స్ నిలబెట్టాలి. ఒకే ఇండక్టర్ అంత వెడల్పున నిలబడలేదు కాబట్టి ఒక పెద్ద ఇండక్టర్, దాని పక్కన రెండు మూడు ఫెరైట్ బీడ్లు వరుసగా పెడతారు. కరెంటు ఎక్కువైతే వీటి లోపలి ఫెరైట్ సంతృప్తమై ఇండక్టెన్స్ జారిపోతుంది, వేడిలో ఇంకా జారుతుంది. దాన్ని తట్టుకోవాలంటే పెద్ద సైజు కొనాలి, మా బోర్డు మీద అన్నిటికంటే ఎత్తయిన భాగం ఇప్పటికే అదే. 5 వోల్టుల నిర్ణయం తీసుకున్నవాళ్లు తమ బోర్డు మీద ఒక చిన్న కన్వర్టర్ ఆదా చేశారు, ఆ ఆదాకు మేము పెట్టె లోపల మిల్లీమీటర్లు చెల్లించాం. కెమెరా కరెంటు ఫ్రేము ఫ్రేముకూ, ఖాళీ వరుసల దగ్గర తగ్గి మళ్లీ పెరుగుతుంది కాబట్టి, ఎక్కువ కరెంటు ఉన్న కేబుల్ మీద ఆ ఊపు కూడా ఎక్కువే, అది లింకులో తప్పులుగా తేలుతుంది.

కెపాసిటర్ల గురించి ఒక్క మాట. 10 మైక్రోఫారడ్లు అని అమ్మే చిన్న సిరామిక్ కెపాసిటర్ మీద 3.3 వోల్టులు పెడితే, సైజును బట్టి, దానిలో సగమే మిగలవచ్చు. సిమ్యులేషన్‌లో 10 అని రాసుకున్నవాళ్లు బల్లమీద ఆశ్చర్యపోతారు. ఇంకా ముఖ్యం, బోర్డు వంగితే ఈ కెపాసిటర్లు పగులుతాయి, పగిలితే చాలాసార్లు షార్ట్ అవుతాయి. పెద్ద బోర్డులో వాటిని అంచుకు దూరంగా పెట్టమని నియమం రాయవచ్చు. రెండు సెంటీమీటర్ల బోర్డులో అంచుకు దూరం అనే చోటే లేదు. చివరలు మెత్తగా ఉండే రకం కొనడం, ప్యానెల్ నుంచి బోర్డులను విరవకుండా కోయించడం, కెపాసిటర్‌ను కోత గీతకు సమాంతరంగా తిప్పడం, ఈ మూడూ చేయించాలి.

అన్ని సరఫరాలూ ఒకే చిప్పులో ఉండే పీఎంఐసీ వాడితే ఈ గొడవలన్నీ తీరతాయి కదా అని అడుగుతారు. చోటు తగ్గుతుంది, వోల్టేజీలు ఏ క్రమంలో లేవాలో అదే చూసుకుంటుంది, భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 26262 కోరే వోల్టేజీ కాపలా కూడా చాలావాటిలో ఉంటుంది. నేను కూడా ఇప్పుడు ఎక్కువగా అదే వాడుతున్నాను. అయితే 2021లో చిప్పుల కరువు వచ్చినప్పుడు, ఒక్క చిప్పు మీదే ఆధారపడిన బోర్డులను మొదటి నుంచీ గీయాల్సి వచ్చింది. ఎల్‌డీఓను మాత్రం నేను బయట, ముందు బోర్డు మీద, సెన్సర్ కాలి పక్కనే పెడతాను. రెండు బోర్డులను కలిపే కనెక్టర్ గుండా శుభ్రమైన వోల్టేజీని పంపితే, అది దాటేలోగా మళ్లీ మురికి అంటుకుంటుంది.

ఈ పట్టింపు అంతా లేత చారల కోసమేనా అని ఎవరికైనా అనిపించవచ్చు. 2002లో అమెరికాలో కామెరాన్ గుల్‌బ్రాన్సెన్ అనే రెండేళ్ల బాలుడు, తండ్రి వెనక్కి నడుపుతున్న కారు కింద పడి చనిపోయాడు. ఆ తండ్రికి బిడ్డ కనిపించలేదు. ఆ పిల్లవాడి పేరుతోనే వచ్చిన చట్టాన్ని అనుసరించి, 2018 మే 1 నుంచి తయారై అక్కడ అమ్ముడయ్యే 10,000 పౌండ్ల లోపు కొత్త వాహనాలకు వెనక కెమెరా తప్పనిసరి అయింది. రివర్స్ మొదలైన రెండు సెకన్ల లోపు బొమ్మ తెరమీదికి రావాలని ఆ నిబంధన చెబుతుంది. ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ బాగా కిందికి పడుతుంది, చలిలో మరీ. సరిగ్గా ఆ తరువాతే చాలామంది రివర్స్ వేస్తారు. ఆ తగ్గుదలకు కెమెరా సరఫరా ఒక్కసారి కూలిందంటే, వోల్టేజీలు మళ్లీ క్రమంగా లేవాలి, లింకు మళ్లీ కుదరాలి, సెన్సర్‌కు ఆదేశాలు మళ్లీ వెళ్లాలి, ఆ రెండు సెకన్లు అక్కడే కరిగిపోతాయి. చీకట్లో, గోడ నీడలో, ముదురు రంగు బట్టలు వేసుకున్న చిన్న బిడ్డ తెరమీద కనబడేది కొద్ది మెట్ల తేడాతోనే. మా చారల వెలుగు తేడా కూడా కొద్ది మెట్లే.

హైదరాబాదులోనూ బెంగళూరులోనూ ఈ పని చేస్తున్న తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో కొందరికైనా ఇది పనికొస్తుందని ఇంత వివరంగా రాశాను. ఇప్పుడు కొత్త కెమెరా మొదలయ్యే రోజున నేను మూడు అడుగుతాను. కేబుల్ మీద 9 వోల్టులకు తగ్గకూడదు. వెనక బోర్డులో పెట్టె గోడవైపు ముఖం నాది. మొదటి బోర్డులు వచ్చిన వారంలోనే, జిగురు పెట్టకముందే, కటకానికి మూత వేసి, మైనస్ 40 నుంచి 105 డిగ్రీల వరకు, సెన్సర్‌ను గరిష్ఠ గెయిన్‌లో (సంకేతాన్ని వీలైనంత పెంచే స్థాయిలో) ఉంచి, వంద ఫ్రేములు తీసి, వరుసల సగటులను ఒక గ్రాఫుగా గీసి చూపించాలి. పోయిన నెల ఒక కొత్త బోర్డుకు ఆ గ్రాఫు వచ్చింది. మైనస్ 20 దగ్గర ఒక చిన్న ముల్లు కనిపించింది. పెన్సిల్ సెల్స్ ఆలోచన చెప్పిన ఆ అమ్మాయే ఇప్పుడు ఆ బోర్డు సరఫరాకు బాధ్యురాలు. సోమవారం తను మళ్లీ శీతల పేటిక దగ్గర కూర్చుంటుంది.